రోజుకో మిల్లీమీటరు

తెల్లారకముందే పడవలు వచ్చేవి.
మిగతా ఆడవాళ్లు చేపల బేరానికొస్తే
నేను ఖాళీ బకెట్టుతో నరాల బేరానికి.
జిబియాలని మా దగ్గర అంటారు, మనిషంత స్క్విడ్లు,
కోపమొస్తే ఎర్రబడతాయి,
ప్రాణం పోతుంటే పాలిపోతాయి.
"ఎర్మెలిందాకి మాంసం వద్దట్రా, దారం కావాలట!"
వాల్పరైసో దాకా వినపడేట్టు నవ్వేవాళ్లు.

నవ్వనీ.
ఆ దారాన్ని తెగకుండా ఊడదీయడం
ఈ రేవులో నాకొక్కదానికే వచ్చు.
చల్లటి సముద్రపు నీళ్లలో, గాజుపుల్లతో, ఊపిరి బిగబట్టి.
సేమ్యా పోగంత లావు.
మనిషిలో అదే పోగు
వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదట.

డాక్టర్ బాహమోందె కాఫీ కలుపుతూ చెప్పేది:
లోపల పొటాషియం, బయట సోడియం,
మధ్యన గోడ, గోడకి తలుపులు.
తలుపు తెరిస్తే ఉప్పు లోపలికి దూకుతుంది,
ఆ దూకుడు చూసి పక్క తలుపు,
దాన్ని చూసి ఆ పక్కది.
వార్తంటే అంతే, ఎర్మెలిందా.
నేను ఏడో క్లాసుతో ఆపేసినదాన్ని.
అయినా ఉప్పు సంగతి
మా ఇంట్లో ఎవరూ నేర్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో వించి తీగ
మా తమ్ముడు నిబాల్దో చేతిని కోసింది,
మోచేతికి నాలుగు వేళ్ల కింద.
సర్జన్ కుట్టింది పైతొడుగునే.
లోపలి పోగు తనంతట తనే పెరగాలన్నాడు.

మెడ వెనక, వెన్నుపూస పక్కన,
శనగగింజంత ముడిలో కూర్చునుంది ఆ కణం.
చిటికెన వేలి కొసదాకా చాచిన చెయ్యి
సగంలో తెగింది.
తెగిన అవతలి ముక్క కుళ్లిపోయింది.
చెత్త ఎత్తేవాళ్లు వచ్చి ఎత్తేశారు.
ష్వాన్ కణాలు మాత్రం కదల్లేదు,
ఇంటాయన సముద్రం మీద ఉన్నా
దీపం ఆర్పని ఇళ్లలా
వరసగా నిలబడి దారి కాశాయి.
కణం లోపల పట్టాలున్నాయట.
వాటి మీద రెండు కాళ్ల కూలీలు
తమకన్నా ఎన్నో రెట్ల మూటలు మోస్తూ
ఒక్కో అడుగే నడుస్తారట.
వాళ్లకి ఆదివారం లేదు.

మాకుంది.
ప్రతి ఆదివారం వాడి చెయ్యి బల్ల మీద పెట్టి
పెన్సిలుతో కొట్టేదాన్ని, పైనుంచి కిందికి.
"ఇక్కడా?"
"లేదు."
"ఇక్కడ?"
"జిల్లుమంది."
గాలపు తాడుకి ఒక ముడి.
వారానికి ఏడు మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం.
లెక్క తెలియని వారాలూ ఉన్నాయి,
కప్పు గోడకేసి కొట్టిన వారం,
పడవ అమ్మేస్తానన్న వారం.

జులైలో ఒక రాత్రి
"ఏం వండుతున్నావక్కా?" అన్నాడు.
నేనేం వండట్లేదు.
వాడి చిటికెన వేలు పొయ్యికి ఆని ఉంది.

ఆ తర్వాత చాలా రోజులు
ప్రయోగశాలలో నా చేతులు వణికాయి.
రెండు దారాలు తెగాయి.
డాక్టర్ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి. వల దులుపుతున్నాడు.
జెల్లీ చేప తోక ఏదో అంటుకుని
"అబ్బా! నీ..." అని
సముద్రాన్నీ, దాని అమ్మనీ, అమ్మమ్మనీ
వరస పెట్టి తిట్టాడు.
పడవలవాళ్లు పరిగెత్తుకొచ్చారు.
నేను బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను.
ఒరేయ్, ఇంకోసారి తిట్టు.

అన్ని పోగులూ ఇల్లు చేరలేదు.
కొన్ని పక్కింట్లో దూరాయి.
ఇప్పటికీ కళ్లు మూయించి
ఉంగరం వేలు తాకితే
"చిటికెన వేలు" అంటాడు, గట్టి నమ్మకంతో.
"అదే," అంటాను.